కర్ర పలికితే వినాలి

పోస్ట్ పెద్దది, తీరిక ఉన్నప్పుడు చదవండి. బొగ్గుబాయిలో కప్పు కింద నిలబెట్టే కర్ర గురించి రాస్తున్నాం. పోడు పట్టాలు, స్కాలర్‌షిప్పులు ఉండగా కర్ర గురించి రాయడమేంటి అనుకోకండి. ఇల్లందు, కొత్తగూడెం, మణుగూరు చుట్టుపక్కల మన గూడేల్లో, తండాల్లో ఆ కర్ర కింద పనిచేసి వచ్చిన మనుషులు ఉన్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. వాళ్లకు తెలిసిన సంగతులు వాళ్లతోనే పోతున్నాయి. అందుకే రాస్తున్నాం.

మా ఇంట్లో అట్లాంటోళ్లు ఇద్దరు. మా తాత టింబర్‌మెన్. ఆయన తమ్ముడు, మా చిన్నతాత, బొగ్గు నింపేవాడు. నలభై ఏళ్ల కింద ఒక నైట్ షిఫ్ట్‌లో తాత నిలబెట్టిన కర్ర విరిగి కప్పు దిగింది. చిన్నతాతకు కుడికాలు మోకాలి కింద పోయింది. అది ఏ బాయో ఇక్కడ రాయం, అవసరం కూడా లేదు. ఇద్దరి ఇళ్లకు మధ్య ఒక్క చింతచెట్టే అడ్డం. పండుగకు పక్కపక్కనే కూర్చొని తింటారు. కానీ ఆ రాత్రి గురించి ఎవరూ ఎత్తరు. పిల్లలం అడిగితే నాయనమ్మ కసిరేది.

మేము మైనింగ్ తీసుకుంటామంటే అమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నాన్న ఫీజు సంగతి అడిగాడు. తాత ఏమీ అనలేదు. హాస్టల్‌కు బస్సెక్కే రోజు మాత్రం సంచి అందిస్తూ, "కర్ర గురించి మంచిగ చదువు బిడ్డా" అన్నాడు. అంతే. ఆ మాట వెనక ఏముందో మాకు రెండో సంవత్సరం దాకా అర్థం కాలేదు.

ముందు కొంచెం చరిత్ర. మన దగ్గర బొగ్గు బయటపడింది 1871లో. జియలాజికల్ సర్వేలో పనిచేసిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర దాన్ని గుర్తించాడు. 1889 నాటికి బొగ్గు తీయడం మొదలైంది. 1920లో కంపెనీకి అక్కడి ఊరి పేరు మీదనే సింగరేణి అని పేరు వచ్చింది. ఇవన్నీ పోటీ పరీక్షల పుస్తకాల్లో ఉంటాయి. అయితే ఆ బొగ్గు మీద కప్పు ఇన్నేళ్లు దేని మీద నిలబడింది అనేది ఆ పుస్తకాల్లో ఉండదు. చాలాకాలం అది కర్ర మీదే నిలబడింది. ఇనుప ప్రాపులు, బోల్టులు తర్వాత వచ్చాయి. బాయికి బొగ్గు ఎంత ముఖ్యమో అడవి కూడా అంతే ముఖ్యం. ఇది చదివినప్పుడు మా రూమ్‌లో అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఇప్పుడు అసలు విషయం. బాయి కింద రెండు మూడు వందల మీటర్ల రాయి మన తల మీద ఉంటుంది. అంత బరువును కర్ర మోస్తుందా? మోయదు. మేము కూడా మొదట మోస్తుందనే అనుకున్నాం. ఆ పెద్ద బరువును మోసేవి పిల్లర్లు, అంటే తవ్వకుండా వదిలేసిన బొగ్గు దిమ్మెలు. వాటి మధ్య తవ్విన దారిని గ్యాలరీ అంటారు. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనల్లోనే గ్యాలరీ 4.8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు దాటకూడదని ఉంది. గ్యాలరీ తవ్వగానే దాని పైన ఉన్న రాతి పొరలు కింద ఆధారం లేక కొద్దిగా వంగుతాయి, ఒకదాని నుంచి ఒకటి విడిపోతాయి. అట్లా విడిపోయిన పొర బరువే కర్ర మీద పడేది. ఆ పొర కూలకుండా ఆపితే దాని మీది పొర కూడా ఆగుతుంది. కర్ర పని అదే.

ఆ బరువు ఎంత ఉంటుందో చూడటానికి ధన్‌బాద్‌లోని పరిశోధన సంస్థ, ఐఎస్‌ఎం కలిసి చేసిన ఒక పద్ధతి ఉంది. కప్పు రాయికి మనకు పరీక్షలో వేసినట్టే నూటికి మార్కులు వేస్తారు. పొరల మందానికి 30, పగుళ్లూ జారుళ్లకు 25, నీళ్లు తగిలితే రాయి కరిగిపోతుందా నిలుస్తుందా అన్నదానికి 20, రాయి బలానికి 15, ఊరే నీటికి 10. ఒకసారి గమనించండి, రాయి ఎంత గట్టిది అన్నదానికి పదిహేనే మార్కులు. గట్టి రాయి అయినా పలకలు పలకలుగా ఉంటే పనికిరాదు.

మేము ఒక లెక్క చేశాం. గ్యాలరీ 4.2 మీటర్ల వెడల్పు. రాయి ఘనపు మీటరుకు 2.3 టన్నులు. 50 మార్కులు వచ్చిన కప్పు అయితే చదరపు మీటరుకు సుమారు 3.4 టన్నుల బరువు వస్తుంది. 30 మార్కుల కప్పు అయితే సుమారు 7.4 టన్నులు. కర్రలను అటూ ఇటూ 1.2 మీటర్ల దూరంలో నిలబెడితే ఒక్కో కర్ర వాటా 1.44 చదరపు మీటర్లు. అంటే మంచి కప్పు కింద ఒక్కో కర్ర మీద దాదాపు 5 టన్నులు, పాడు కప్పు కింద దాదాపు 10.7 టన్నులు. క్లాసులో లెక్క చేసేటప్పుడు ఒక కర్ర 10 టన్నులు మోస్తుందని పట్టుకుంటాం. అదే కర్ర, అదే దూరం. మొదటి చోట సగం బలం మిగిలే ఉంది, రెండో చోట ఏమీ మిగల్లేదు. కర్ర మారలేదు, కప్పు మారింది. అందుకే తెలిసినవాళ్లు కర్ర కన్నా ముందు కప్పును చూస్తారు. ఇనుప కడ్డీతో కొట్టి వింటారు. ఖంగుమంటే కప్పు పట్టుగా ఉంది. డప్పు కొట్టినట్టు డొల్లగా పలికితే పొర విడిపోయింది.

మరి కర్ర బలం ఎంత? ల్యాబ్‌లో నొక్కి విరగ్గొట్టే మెషీన్ ఉంది. సార్‌ను అడిగి మేము సొంతంగా ఒక పని చేశాం. సా మిల్లులో మిగిలిన మద్ది ముక్కలు తెచ్చి, 5 సెంటీమీటర్లు ఇటూ అటూ, 20 సెంటీమీటర్లు పొడవు కోయించాం. కొన్ని ఎండబెట్టాం. కొన్ని హాస్టల్ బకెట్లో మూడు వారాలు నానబెట్టాం (ఆ మూడు వారాలు ఒక బకెట్ తక్కువై బాత్రూం దగ్గర గొడవలు అయ్యాయి, అది వేరే కథ).

ఎండిన ముక్క 13 టన్నులు దాటాక లొంగింది. నానిన ముక్క 9 దాకా కూడా రాలేదు. ముడి ఉన్న ముక్క, అంటే కొమ్మ మొలిచిన చోటు ఉన్నది, ఎండినదే అయినా 8 దగ్గర ఆ ముడి పక్క నుంచే జారిపోయింది. ఒక ముక్క చివర కొంచెం వాలుగా కోశారు. అది ఒక అంచు మీదనే బరువు తీసుకొని 6 దగ్గర చీలింది. చివరికి ఒక ముక్కను నిలబెట్టకుండా పడుకోబెట్టి నొక్కాం. 2 టన్నుల దగ్గరే అణగడం మొదలుపెట్టింది. అణుగుతూనే ఉంది కానీ విరగలేదు.

ఇవి మా చేతుల్లో వచ్చిన అంకెలు, కొద్ది ముక్కలవే, కాబట్టి ఎక్కడా రాసుకోకండి. కానీ వరుస మాత్రం పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది. తడి కర్ర ఎండు కర్ర కన్నా బలహీనం. ముడి, వాలు, వంకర కర్రకు శత్రువులు. పోగు వెంట కర్ర బలంగా ఉంటుంది, పోగుకు అడ్డంగా మెత్తగా ఉంటుంది.

ఇవన్నీ పొట్టి ముక్కలు. బాయిలో నిలబెట్టేది మనిషికన్నా పొడుగు కర్ర. పొడుగు కర్ర నలిగి పోదు, నడుము దగ్గర వంగి పోతుంది. ఆ లెక్క వేరు. సన్నటి పొడుగు కర్ర విషయంలో పొడవు 2 మీటర్ల నుంచి 3 మీటర్లకు పెరిగితే అది మోయగలిగే బరువు సగానికన్నా తక్కువైపోతుంది. మందం 15 సెంటీమీటర్ల నుంచి 10కి తగ్గితే దాదాపు అయిదో వంతుకు పడిపోతుంది. రెండు మూరల పొడవు, రెండు వేళ్ల మందం. చూడటానికి చిన్న తేడానే, కానీ బతుకు దాని మీదే ఉంటుంది.

దసరా సెలవులకు ఊరికి పోయినప్పుడు ఈ లెక్కల నోట్‌బుక్ తీసుకొని పోయాం. నిజం చెప్పాలంటే మా మనసులో ఒక ఆశ ఉంది. ఆ రాత్రి తప్పు తాతది కాదు, కర్ర చేయాల్సింది అది చేసింది, కప్పే పాడు కప్పు అని అంకెలతో చూపిద్దాం అనుకున్నాం. నలభై ఏళ్ల బరువు దిగిపోతుంది అనుకున్నాం.

తాత వాకిట్లో మంచం మీద కూర్చొని మొత్తం విన్నాడు. అంకెలు పట్టించుకోలేదు. ముక్కలు పడుకోబెట్టి నొక్కిన సంగతి చెప్పినప్పుడు మాత్రం నవ్వాడు. "అందుకే గద లిడ్డు పెట్టేది" అన్నాడు.

లిడ్డు అంటే కర్రకూ కప్పుకూ మధ్య అడ్డంగా పెట్టే చెక్క. తాత చెప్పింది ఇది. కర్రను ఉత్తగా కప్పుకు ఆనిస్తే ఒకే చోట బరువు పడి కర్ర తల చీలుతుంది. మధ్యలో అడ్డచెక్క పెడితే అది ముందు అణుగుతుంది. కప్పు కొద్దిగా దిగడానికి చోటిస్తుంది, బరువును కర్ర తల మొత్తానికి పంచుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. షిఫ్ట్ మొదట్లో లిడ్డు మందం చూసుకోవాలి, నడిమిట్ల మళ్లీ చూసుకోవాలి. అప్పడంలా అణిగిందంటే కప్పు దిగుతున్నట్టే. చదువు రాని మనిషికి అదే మీటరు.

కర్ర కింద సంగతి కూడా చెప్పాడు. బొగ్గు పొడి మీద కర్ర పెట్టొద్దు, పార వేసి గట్టి నేల తగిలేదాకా తీయాలి. నేల మెత్తగా ఉంటే కిందా చెక్క వేయాలి. మన బాయిల్లో పొర వాలుగా ఉంటుంది కాబట్టి కర్రను నిటారుగా కాదు, కప్పుకు ఎదురు నిలిచేట్టు, కొంచెం పైవాలు వైపు వంచి పెట్టాలి. లేకపోతే కప్పు కదిలినప్పుడు కర్రను తోసేస్తుంది. తోలు తీయని కర్రకు పురుగు పడుతుంది, బాయి వేడికి, చెమ్మకు బూజు పడుతుంది. పైకి బాగానే కనబడుతుంది, గొడ్డలి వెనక్కి తిప్పి కొడితే లోపల మెత్తగా పలుకుతుంది.

బరువు బాగా వచ్చేచోట ఒంటి కర్రను నమ్మకుండా చాక్ కట్టేవాళ్లట. నాలుగు పలకల దుంగలను రెండు ఇటు, రెండు అటు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ కప్పు దాకా పోవడం. మేము పడుకోబెట్టి నొక్కిన ముక్క గుర్తుందా? చాక్‌లో ప్రతి దుంగా అట్లా పడుకునే ఉంటుంది. మెల్లగా అణుగుతుంది, కానీ పొడుగు కర్రలా నడుము విరగదు. కాళ్లు నాలుగు కాబట్టి పక్కకు పడిపోదు. పిల్లర్ తీసేసి కప్పును వెనక కూలనిచ్చే చోట, గోఫ్ అంచున, చాక్‌లే కాపలా. అక్కడ కర్రను వెనక్కి తీయడం అన్నిటికన్నా ప్రమాదం. చేత్తో తీయకూడదు, దూరం నుంచి గొలుసు వేసి విత్‌డ్రాయర్‌తో లాగాలి.

మన ఇళ్ల నిట్రాడుకు మన పెద్దలు ఎట్లాంటి మానును ఎంచుతారో గుర్తు చేసుకోండి. చేవ తేలింది, ముడి లేనిది, నిలువుగా పెరిగింది. తాతకు ఈ ఎంపిక బాయిలో ఎవరూ నేర్పలేదు. ఇంట్లోనే నేర్చుకొని పోయాడు. మేము ల్యాబ్‌లో ముక్కలు విరగ్గొట్టి తెలుసుకున్నది ఆయనకు పద్నాలుగేళ్లకే తెలుసు. ఇది చిన్న విషయం కాదని మాకు అనిపించింది.

అప్పుడు మేము అసలు మాట ఎత్తాం. "తాతా, ఆ రాత్రి కప్పే పాడు కప్పు అయ్యుంటది. ఏ కర్రైనా విరిగేదే" అన్నాం.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "ఆ కర్రకు ముడి ఉండె. నడిమిట్ల. నేను చూసిన."

మంచి కర్ర జంక్షన్ దగ్గర ఉందట. తేవాలంటే వెనక్కి పోయి భుజాన వేసుకొని రావాలి. షిఫ్ట్ ఇంకో గంటలో అయిపోతుంది. ఆ చోట ఎత్తు కూడా ఎక్కువ, మనిషి చెయ్యెత్తినా అందదు. "ఒక్క గంటే గద అనుకున్న" అన్నాడు. అదే కర్ర పెట్టాడు. గంట గడవలేదు.

మా నోట్‌బుక్ మూసేశాం. ఏం చెప్పాలో తెలియలేదు. పొడుగు కర్ర, నడుము దగ్గర ముడి. మా లెక్కల ప్రకారమే అది అన్నిటికన్నా చెడ్డది. ఆయన్ను తప్పు నుంచి తప్పిద్దామని తెచ్చిన లెక్క ఆయన మీదికే తిరిగింది.

సాయంత్రం చిన్నతాత కర్ర ఊతం పట్టుకొని చింతచెట్టు దాటి వచ్చాడు. నాయనమ్మ చెప్పేసినట్టుంది. మంచం మీద తాత పక్కన కూర్చొని, ఆయనతో కాదు, మాతో అన్నాడు. "కర్ర విరిగినప్పుడు నేను గోఫ్ దిక్కు వంగి తట్ట ఎత్తుతున్న. అది ముందు పలికింది. కిర్రుమని ఒకసారి, మళ్ల పటపటమని. అది ఇని లేచి రెండడుగులు ఏసిన. మూడో అడుగే దొరికింది. పలకకపోతే మొత్తం మనిషినే దొరుకుదును."

కర్ర గుణం అది. పోగు వెంట బరువు పడినప్పుడు పోగులు ఒక్కసారిగా తెగవు. ఒకటొకటిగా నలుగుతూ, చీలుతూ, చప్పుడు చేస్తూ పోతాయి. ఆ చప్పుడుకూ కప్పు పడటానికీ మధ్య ఎంత సమయం ఉంటుందో ఎవరూ చెప్పలేరు. కొన్నిసార్లు గంటలు, కొన్నిసార్లు రెండు అడుగులు. అయినా అది మనిషికి మిగిలే సమయం. అందుకే ఇనుప ప్రాపులు వచ్చిన కొత్తలో చాలా దేశాల్లో పాత కార్మికులు కర్రనే కావాలన్నారని చదివాం. ఇనుము ఎక్కువ మోస్తుంది, కానీ కర్రలా ముందు చెప్పదు.

తాత ఏమన్నాడని అడుగుతారు. ఏమీ అనలేదు. తమ్ముడి వైపు చూశాడు. కాసేపటికి "ముడి ఉండెరా" అన్నాడు. చిన్నతాత "నాకు ఎరుకే" అన్నాడు. "తెల్లారి కర్రను చూసినోళ్లు చెప్పిన్రు." నలభై ఏళ్లు ఇద్దరికీ తెలుసు. ఒకరికి తెలుసని ఇంకొకరికి తెలియదు. తర్వాత ఇద్దరూ వానల గురించి మాట్లాడుకున్నారు. అమ్మ అన్నం పెట్టింది.

ఇప్పుడు బాయిల్లో గ్యాలరీ తవ్వేచోట కర్ర దాదాపు లేదు. రూఫ్ బోల్టులు వచ్చాయి. కప్పులోకి మీటరున్నర, అంతకన్నా లోతు బెజ్జం వేసి, ఇనుప కడ్డీ దించి, సిమెంటుతోనో రెజిన్‌తోనో పట్టిస్తారు. కర్ర పొరను కింద నుంచి ఆపుతుంది. బోల్టు పొరలన్నిటినీ ఒకదానికొకటి కుట్టేస్తుంది. విడివిడి పలకలు ఒక మందపాటి దూలంలా పనిచేస్తాయి. దారికి అడ్డం ఉండదు, అడవి మిగులుతుంది. ఇది మంచిదే. కానీ బోల్టు పలకదు. అందుకే కప్పు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చూపే టెల్‌టేల్ పెడతారు. లిడ్డు చేసిన పని ఇప్పుడు అది చేస్తుంది. 2017లో వచ్చిన కొత్త నిబంధనల్లో ఇట్లా కొలుచుకుంటూ ఉండటాన్ని ప్లాన్‌లో భాగం చేశారు. అయితే టెల్‌టేల్ రంగు మారినా చూసే మనిషి లేకపోతే, లేదా చూసి "ఒక్క గంటే గద" అనుకుంటే, అది కూడా ముడి కర్రతో సమానమే.

మైనింగ్ చదివే మనవాళ్లు ఈ గ్రూప్‌లో కొందరు ఉన్నారు. సర్దార్ పరీక్షకు, ఓవర్‌మెన్ పరీక్షకు చదివేవాళ్లూ ఉన్నారు. రేపు మనలో ఎవరో ఒకరు షిఫ్ట్‌లో నిలబడి కప్పు కింద పని చేయించాల్సి వస్తుంది. ఆరోజు టింబర్‌మెన్‌గానో సపోర్ట్‌మెన్‌గానో మన తాతలాంటి మనిషే ఎదురుగా ఉంటాడు. అలసిపోయి ఉంటాడు, మంచి కర్ర దూరంగా ఉంటుంది. తెమ్మని చెప్పాల్సింది, తెచ్చేదాకా పని ఆపాల్సింది మనమే. దానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం లెక్కలు తెలిస్తే కొంత వస్తుంది. మిగతాది ఎక్కడి నుంచి వస్తుందో మేము ఇంకా నేర్చుకుంటున్నాం.

సెలవులు అయిపోయి బస్సెక్కేటప్పుడు తాత మళ్లీ సంచి అందించాడు. "ఆ ముడి సంగతి కూడా రాయి. దాచకు" అన్నాడు. అడిగే రాస్తున్నాం. అమ్మ ఈసారి ఏడవలేదు, కానీ బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకొనే ఉంది.

ఓపెన్‌కాస్ట్‌ల గురించి, మునిగిపోయిన ఊళ్ల గురించి మీకు కోపం ఉంటుంది, మాకూ ఉంది. దాని మీద ఇంకోసారి రాద్దాం. ఈ పోస్ట్‌కు మాత్రం ఒకటే అడుగుతున్నాం. మీ ఇంట్లో బాయిలో పనిచేసిన పెద్దమనిషి ఉంటే ఈ ఆదివారం పక్కన కూర్చొని అడగండి. ఏ మాను వాడేవాళ్లు, ఏ చప్పుడుకు బయటికి ఉరికేవాళ్లు, లిడ్డును ఏమనేవాళ్లు, చాక్ ఎట్లా కట్టేవాళ్లు. వాళ్ల మాటలోనే రాసుకోండి, మన భాషలో పేరు ఉంటే ఆ పేరే రాసుకోండి. ఇక్కడ పెడితే అందరం చదువుకుంటాం. నోట్‌బుక్ మూయకుండా వినండి, మేము చేసిన తప్పు చేయకండి.

జోహార్.